పేరు పెట్టి పిలవొద్దు

మా అక్క పశువైద్యంలో సర్జరీ పీజీ చేస్తోంది. ఇంటికొచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని చెప్పే కబుర్లన్నీ పేగులు, చీము, కుట్లు. అమ్మ తిడుతుంది, నాన్న కంచం పట్టుకుని టీవీ ముందుకి వెళ్ళిపోతాడు, నేను మాత్రం వింటాను. మెకానికల్ చదివేవాడికి ఇందులో ఏం పని అని మీరు అడగొచ్చు. నాలుగు సన్నటి కాళ్ళ మీద నిలబడే ఐదు వందల కిలోల బరువుని స్పృహ లేకుండా పడుకోబెట్టి, మళ్ళీ ఏదీ విరగకుండా నిలబెట్టడం ఎవరి సిలబస్సో మీరే చెప్పండి.

ఒకసారి అడిగాను: "కుక్కకి మత్తిచ్చే రోజు నువ్వు హాయిగా ఇడ్లీ తిని పోతావు. గుర్రం అనేసరికి ముందురోజు రాత్రి నుంచే నిద్ర పోవేంటి?"

"లెక్కలు చూడు, నీకే తెలుస్తది" అంది.

చూశాను. బ్రిటన్‌లో మొదలైన పెద్ద సర్వే ఒకటుంది. 1990లలో ఆరేళ్ళపాటు, మత్తిచ్చిన 41,824 గుర్రాల వివరాలు పోగేశారు. పూర్తి ఫలితాలు 2002లో వచ్చాయి. వారం తిరగకుండా చనిపోయినవి 1.9 శాతం. కడుపు శూలతో చావుబతుకుల మీద వచ్చిన కేసుల్ని పక్కన పెట్టేసినా 0.9 శాతం. అంటే ఏదో చిన్న ఆపరేషన్ కోసం తన కాళ్ళ మీద తాను నడిచొచ్చిన గుర్రాల్లో కూడా సుమారు వందకి ఒకటి తిరిగి ఇంటికి పోలేదు. అదే దేశంలో కుక్కల మీద చేసిన సర్వేలో ఈ అంకె 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే లక్షల్లో ఒకటీ రెండూ అన్న లెక్కలో మాట్లాడతారు. 2021లో వచ్చిన కొత్త సర్వే తొలి ఫలితాల్లో, పూర్తి మత్తిచ్చిన 6,701 కేసుల్లో చావులు 1 శాతం దగ్గర ఉన్నాయి. మందులు మారాయి, మానిటర్లు వచ్చాయి, దాదాపు సగం తగ్గింది. అయినా ఇంకా వందకి ఒకటి.

నన్ను ఆపేసింది మాత్రం ఆ శాతాలు కాదు, కారణాల పట్టిక. 2002 నాటి లెక్కలో చావుల్లో మూడో వంతు గుండె ఆగిపోవడం, రక్తప్రసరణ కుప్పకూలడం. అది ఊహించగలం. ఇంకో మూడో వంతు మాత్రం ఎముకలు విరగడం, కండరాలు పాడవడం. మత్తుమందుకీ ఎముక విరగడానికీ ఏం సంబంధం? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు పడుకోబెట్టడం సంగతి. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. మోకాలి దగ్గర ఎముకా స్నాయువులూ కలిసి తాళం వేసినట్టు బిగుసుకునే ఏర్పాటు దాని కాళ్ళలో ఉంది, కండరాలు పెద్దగా కష్టపడక్కర్లేదు. గాఢనిద్రకి పడుకుంటుంది గానీ అది కాసేపే. అలాంటి జంతువుని మూడు గంటలు బల్ల మీద వెల్లకిలా పెడితే ఏమవుతుంది? పొట్టలోని పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. కిందున్న ఊపిరితిత్తుల భాగానికి రక్తం వెళ్తుంది, గాలి వెళ్ళదు. పై భాగానికి గాలి వెళ్తుంది, రక్తం సరిగా వెళ్ళదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టినా ఒంట్లో సరిపడా ఎక్కని పరిస్థితి వస్తుంది. థర్మోడైనమిక్స్ ల్యాబులో హీట్ ఎక్స్చేంజర్‌కి ఒక పక్క వేడి నీళ్ళు, ఇంకో పక్క ఏమీ లేకుండా తిప్పినట్టు.

పైగా గ్యాసు మత్తు రక్తపోటుని దించుతుంది. బరువంతా మోస్తున్న కింది పక్క కండరాల్లోకి రక్తం దూరాలంటే కొంత ఒత్తిడి కావాలి. అది లేక ఆ కండరం గంటలకొద్దీ ఆకలితో ఉండిపోతుంది. గుర్రం మేలుకున్నాక తొడ రాయిలా గట్టిపడి, చెమటలు కక్కుతూ లేవలేక పడి ఉంటుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. 1980లలో జరిగిన పరిశోధనలు దీన్ని రక్తపోటుతో ముడిపెట్టి చూపించాయి. సగటు రక్తపోటు 70 కంటే దిగనివ్వకూడదు అన్న నియమం అక్కడి నుంచే స్థిరపడింది. మా అక్క ఫోను వాల్‌పేపర్ మీద ఏ దేవుడి బొమ్మా ఉండదు, 70 అనే అంకె ఉంటుంది. జోక్ కాదు.

ఇంకా చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. మొహానికి కట్టిన పట్టీ బకిల్ చెంప కింద నొక్కుకుంటే అక్కడి నరం దెబ్బతిని, లేచేసరికి పెదవి ఒక పక్కకి జారిపోయి ఉంటుంది. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే గతి. తల కిందికుండి ముక్కు లోపల వాస్తే గొట్టం తీసిన క్షణం నుంచీ ఊపిరాడదు. మందిచ్చే సూది మెడలో సిరకి బదులు దాని వెనకాలే ఉండే ధమనిలో పడితే మందు నేరుగా మెదడుకెళ్ళి, సూది ఇంకా చేతిలో ఉండగానే గుర్రం కొట్టుకుంటూ కూలిపోతుంది. మెడ పైభాగంలో ఆ రెండింటి మధ్యా ఒక పల్చటి కండరం అడ్డుంటుంది కాబట్టి అక్కడే పొడవాలి. ఇవన్నీ అక్క ఎంత మామూలుగా చెబుతుందంటే, మన సీనియర్లు వైవాలో ఏం అడుగుతారో చెప్పినట్టు ఉంటుంది.

ఇక ఎముకల సంగతి. దానికి న్యూయార్క్ వెళ్ళాలి, 1975కి.

రఫియన్ అని నల్లటి ఆడగుర్రం. మూడేళ్ళది. పరిగెత్తిన పది పందేలూ గెలిచింది. ఆ ఏడు కెంటకీ డెర్బీ గెలిచిన ఫూలిష్ ప్లెజర్ అనే మగగుర్రానికీ దీనికీ జులై 6న బెల్మాంట్ పార్కులో ఇద్దరికే పోటీ పెట్టారు. పందెం మధ్యలో రఫియన్ ముందున్నప్పుడే ముందు కుడికాలు, గిట్ట పైన, విరిగింది. రౌతు ఆపుతున్నా అది ఆగలేదు, విరిగిన కాలితోనే కొంత దూరం పరిగెత్తింది. ఆ రాత్రి ఆపరేషన్ చేశారు. గంటలకొద్దీ కష్టపడి కాలు శుభ్రం చేసి, సరిచేసి, కట్టు వేశారు. అంతా అయ్యాక మెత్తటి గదిలో పడుకోబెట్టి మత్తు దిగడం కోసం ఎదురుచూశారు.

మత్తు దిగింది. దిగీదిగగానే రఫియన్ పడుకున్నచోటే పరుగు మొదలుపెట్టింది. పక్కకి పడుకుని, నాలుగు కాళ్ళతో గాల్లో పరుగు. దాని లెక్క ప్రకారం పందెం ఇంకా అవ్వలేదని జనం అంటారు. నాకు ఆ మాట కొంచెం సినిమాటిక్‌గా అనిపిస్తుంది. భయం అన్నా చాలు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంతమంది పట్టుకున్నా ఆగలేదు. కొత్త కట్టు బద్దలైంది, సరిచేసిన కాలు మళ్ళీ పోయింది. ఇంకోసారి మత్తు తట్టుకోలేదని తేల్చి, 7వ తేదీ తెల్లవారుజామున ప్రాణం తీశారు. బెల్మాంట్ పార్కులోనే పాతిపెట్టారు.

ఇది చదివాక ఆ రాత్రి మా అక్కకి ఫోన్ చేశాను. "మరి నిద్రలోనే ఇంకాసేపు ఉంచొచ్చు కదా?" అన్నాను.

"ఎంతసేపు? ఉంచినకొద్దీ కండరాలు పోతయి. లేపితే ఎముకలు పోతయి. ఆ రెండిటి మధ్యల సందు ఎంతుంటదో అదే మా పని" అంది.

గుర్రం అంటే పులికి ఆహారం. పుట్టిన గంటకే లేచి నిలబడాల్సిన జాతి. కింద పడి ఉండటం అంటే దాని మెదడుకి ఒకటే అర్థం: తినేస్తారు, లే. మత్తు దిగేటప్పుడు ఈ భయం ముందు మేలుకుంటుంది, కాళ్ళ అదుపు చివర్లో వస్తుంది. మధ్యలో ఉన్న ఆ కొన్ని నిమిషాల్లో గుర్రం తాగినవాడిలా లేస్తుంది. ఆవు లేవడం మీరు చూసే ఉంటారు, ముందు వెనక భాగం ఎత్తుతుంది. గుర్రం తిరగేసి, ముందుకాళ్ళు చాచి, ఒక్క ఊపుతో బరువంతా పైకి విసురుతుంది. వెనక్కాళ్ళు సహకరించకపోతే ఆ ఐదు వందల కిలోలూ ఒక ఎముక మీద అడ్డంగా పడతాయి. బెండింగ్ మూమెంట్ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

అందుకని మనుషులు చేసిన ఏర్పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది. గోడలకీ నేలకీ పరుపులు. తలకో తాడు, తోకకో తాడు, గోడకున్న రింగుల్లోంచి బయటికి లాగి, లేచేటప్పుడు సాయంగా పట్టుకుంటారు. కొన్నిచోట్ల గాలి దిండు మీద పడుకోబెట్టి, లేవాలని చూసినా లేవలేని మెత్తదనంలో ఉంచి, సమయం అయ్యాక గాలి తీసేస్తారు. విచిత్రం ఏమిటంటే ఆపరేషన్ అయ్యాక చాలాసార్లు మళ్ళీ ఒక చిన్న మోతాదు మత్తు ఇస్తారు. గుర్రాన్ని లేపడానికి కాదు, తొందరపడకుండా ఉంచడానికి.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్ళ న్యూ బోల్టన్ సెంటర్లో ఉన్న నీళ్ళ తొట్టి. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో అనే గుర్రానికి రెండు వారాల తర్వాత ప్రీక్‌నెస్ పందెంలో వెనక కాలు ముక్కలైంది. అక్కడ సర్జన్ డీన్ రిచర్డ్‌సన్ ఐదు గంటలకి పైగా కష్టపడి ప్లేటు, ఇరవైకి పైగా స్క్రూలు వేసి కలిపారు. తర్వాత గుర్రాన్ని క్రేన్‌తో ఎత్తి, వెచ్చటి నీళ్ళలో తేలే రబ్బరు తెప్పలోకి దించారు. తెప్పకి నాలుగు కాళ్ళకీ నాలుగు రబ్బరు తొడుగులు. అందులో మేలుకుని, ఎంత తన్నుకున్నా నీళ్ళే తగులుతాయి. పూర్తిగా తెలివొచ్చి శాంతించాక అలాగే పైకెత్తి, పైకప్పు నుంచి వేలాడే పట్టా మీద నడిపించి గదిలో కాళ్ళ మీద దింపారు. రఫియన్ని చంపిన ఆ అరగంటని బార్బరో అలా దాటింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికి, మిగతా కాళ్ళ గిట్టల్లో వచ్చిన జబ్బుతో 2007 జనవరి 29న పోయింది. అది వేరే యుద్ధం.

మా అక్క దగ్గర తొట్టి లేదు. ఒక గడ్డి మైదానం, ఒక పాత తువ్వాలు, ఆరుగురు మనుషులు ఉన్నారు.

పోయిన సెలవుల్లో నేను ఆ ఆరుగురిలో ఒకణ్ణి. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని అద్దెకిచ్చే ఒక తాత తన గుర్రానికి విత్తులు తీయించడానికి తెచ్చాడు. పేరు రాజా, నాలుగేళ్ళు, తెల్లది. బ్యాండు మోగినప్పుడల్లా వెనక్కాళ్ళు ఎత్తేస్తోందట, ఒక పెళ్ళికొడుకు కింద పడబోయాడట. ఇలాగే ఉంటే అమ్మేయాలి, కొనేవాడు దొరికినా దాన్ని ఏం చేస్తాడో తెలీదు. తాతకి ఉన్నది ఆ ఒక్క గుర్రమే. సంతకం పెట్టేముందు కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"బిడ్డా, లేస్తది గదా?"

అక్క అబద్ధం చెప్పలేదు. "నూటికి తొంభై తొమ్మిది లేస్తయి తాతా. నేను కూడా దాని పక్కనే ఉంటా" అంది.

ముందు జైలజిన్. రెండు మూడు నిమిషాల్లో రాజా తల మోకాళ్ళ దాకా వాలింది, కింది పెదవి వేలాడింది. తర్వాతే కెటమిన్. ఈ వరుస తప్పకూడదు, మొదటి మందు పూర్తిగా పని చేయకుండా రెండోది వేస్తే గుర్రం పిచ్చెత్తినట్టు అవుతుంది. (ఈ రెండు మందులూ 1962లోనే, ఒకటి జర్మనీలో, ఒకటి అమెరికాలో పుట్టాయి. మొదటిది మనుషుల రక్తపోటుకని మొదలుపెట్టారట. ఇది అక్క చెప్పింది కాదు, నేనే వెతుక్కున్నా.) ఒక నిమిషంలో వెనక్కాళ్ళు మడిచి, కుక్క కూర్చున్నట్టు కూర్చుని, పక్కకి ఒరిగింది.

నా పని ఛాతీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టడం. లెక్కపెడుతున్నాను. ఆగిపోయింది. ఐదు సెకన్లు, పది, పదిహేను. నా నోరెండిపోయింది. "అక్కా, ఊపిరి లేదు" అన్నాను. తల ఎత్తకుండానే "లోపలికి తీసుకుని ఆపిందా, వదిలేసి ఆపిందా?" అని అడిగింది. ఛాతీ ఉబ్బి ఉంది. "తీసుకుని." "అయితే కెటమిన్ అలాగే చేయిస్తది. చూస్తుండు." ఇంకో కొన్ని సెకన్లకి పెద్ద నిట్టూర్పు, వెంటవెంటనే మూడు నాలుగు ఊపిర్లు, మళ్ళీ ఆగడం. పుస్తకంలో ఇది ఒక వాక్యం. ఆ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు ఒక్కో ఆగుడూ ఒక సెమిస్టరు.

మధ్యలో కన్ను కదలడం మొదలైంది. కనుగుడ్డు అటూఇటూ వేగంగా ఊగుతూ, కంట్లో నీళ్ళు. మత్తు పల్చబడుతోందని గుర్తు. అక్క ఇంకొంచెం కెటమిన్ ఎక్కించింది. కోత, ముడి, ఇంకో కోత. అది నిజంగా చాలా త్వరగా అయిపోయింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

తర్వాత అసలు పని. అక్క పరికరాలన్నీ పక్కకి తీయించి, తువ్వాలు రాజా కళ్ళ మీద కప్పి, మెడ మీద మోకాలు ఆనించి కూర్చుంది. గుర్రం లేవాలంటే ముందు తల ఎత్తాలి. తల లేవనివ్వకపోతే ఒళ్ళు లేవదు. అందరి ఫోన్లూ ఆఫ్ చేయించింది. గేటు దగ్గర బైకులు రాకుండా ఒకణ్ణి నిలబెట్టింది. అప్పుడు తాత వైపు తిరిగి మెల్లగా చెప్పింది:

"తాతా, దాన్ని పేరు పెట్టి పిలవొద్దు. నీ గొంతు వింటే లేస్తది."

ఆయన మొహం నేను మర్చిపోలేను. నాలుగేళ్ళ నుంచి పొద్దున లేచి మొదట పిలిచే పేరు అది. గుర్రం భయపడితే, మొండికేస్తే, తినకపోతే ఆయన చేసే వైద్యం అదొక్కటే, పిలవడం. కింద పడి ఉన్న దాని పక్కన నిలబడి, అది మూలుగుతుంటే వింటూ, పిలవకుండా ఉండమన్నారు. తలపాగా కొస తీసి నోట్లో కుక్కుకున్నాడు. కావాలనే చేశాడో, ఏడుపు ఆపుకోవడానికో తెలీదు.

మొదటిసారి రాజా చెవులు కదిలాయి. అక్క బరువు మొత్తం మెడ మీద వేసింది. ముందు కాలు ఒకసారి గాల్లో తన్నింది, నా నుంచి జానెడు దూరంలో. మళ్ళీ సద్దుమణిగింది. నాలుగైదు నిమిషాలకి ఇంకోసారి, ఈసారి గట్టిగా. అక్క వదల్లేదు. చెమట ఆమె గడ్డం మీద నుంచి దాని జూలులోకి కారుతోంది. నేను అప్పటిదాకా అనుకున్నది, పేషెంటు లేవడం కోసం డాక్టరు ఆత్రపడుతుందని. ఇక్కడ లేచే శక్తి ఉన్నదాన్ని ఇంకొంచెం, ఇంకొంచెం అని కింద ఉంచడానికి యాభై కిలోల మనిషి ఐదు వందల కిలోలతో బేరమాడుతోంది.

ఎప్పుడు వదలాలో ఎలా తెలుస్తుందని తర్వాత అడిగాను. కన్ను ఊగడం ఆగాలి, చెవి చప్పుడు వైపు సరిగ్గా తిరగాలి, మెడలో లాగుడు మొరటుగా కాక నిలకడగా ఉండాలి అంది. కాస్త ఆగి, "చివరికి చేతికి తెలుస్తది" అని కూడా అంది. ఈ రెండో మాట ఏ పుస్తకంలో వెతకాలో నాకు తెలీదు.

మూడోసారి అక్క మోకాలు తీసేసి పక్కకి దూకింది. రాజా తల ఎత్తి, రొమ్ము మీదికి దొర్లి, ముందుకాళ్ళు చాచింది. ఒక్క ఊపు. వెనక భాగం లేచి, ఎడమవైపు ఒరిగి, ఇద్దరు తోకని పట్టి అటు లాగారు, నిలబడింది. నాలుగు కాళ్ళూ బార్లా చాపి, కొత్తగా పెట్టిన టెంటులాగా, వణుకుతూ.

ఎవరూ మాట్లాడలేదు. అక్క వాచీ చూసి నోట్‌బుక్‌లో రాసింది: పడుకున్నది 9.40, లేచింది 10.22, ప్రయత్నాలు 3. తర్వాత చెంపలు, పెదవులు రెండు వైపులా సమంగా ఉన్నాయా అని చూసింది. తొడ కండరం వేళ్ళతో నొక్కి చూసింది. మెత్తగానే ఉంది.

తాత ఇంకా తలపాగా కొస నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడు. అక్క దగ్గరికెళ్ళి "రెండు గంటలు మేత పెట్టొద్దు తాతా, మింగుడు సరిగ్గ రాదు. సాయంత్రం నడిపియ్యాలె, వాపు రాకుండ" అని జాగ్రత్తలన్నీ చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపాడు. ఏమీ ఎక్కినట్టు లేదు.

"ఇప్పుడు పిలవొచ్చా బిడ్డా?" అన్నాడు.